ఏడింటికి గడ్డపార దించేయాలి

జులై చివరివారం, అధిక శ్రావణం, 2023

మాది ఉలవపాడు దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ 4న ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మార్చారు, మట్టి మాత్రం ఎప్పటిలాగే ఎర్ర ఇసక నేల. ఇంటి వెనక పన్నెండు సెంట్లు ఉంది. నాన్న ఉన్నప్పుడు వంగ, గోంగూర, అలసంద, చలికాలంలో గెనుసుగడ్డ (చిలగడదుంప), ఏదో ఒకటి పచ్చగా ఉండేది. ఆయన పోయాక మోటారు కాలిపోయింది, బాగుచేయించే ఓపిక ఎవరికీ లేకపోయింది, ఇప్పుడక్కడ చిల్లకంప తప్ప ఇంకేం లేదు. సర్కారు తుమ్మ అంటారే, అదే. కొన్ని మోకాలెత్తున ఉన్నాయి, కొన్ని ఇంటి కప్పు దాటేశాయి. పాములుంటాయని అమ్మ అటువైపు తలుపు తీయడమే మానేసింది.

ఆ కంప తీసే పని ఇప్పుడే ఎందుకంటే, ఈ ఏడాది జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక మాసం. నేను కందుకూరులో డీటీపీ పని చేస్తాను, అంటే శుభలేఖలు, ఫ్లెక్సీలు కంప్యూటర్లో తయారుచేసే పని. ముహూర్తాలు లేకపోతే శుభలేఖలు లేవు, శుభలేఖలు లేకపోతే మాకు పని లేదు. షాపులో కూర్చుని ఫోన్ గీకడం, ఇంటికొచ్చి మళ్లీ అదే ఫోన్ గీకడం, పడుకునేసరికి ఒంటిగంట. ఏం తక్కువైందిరా అని ఎవరన్నా అడిగితే చెప్పలేను. అప్పుల్లేవు, జబ్బుల్లేవు, అయినా పొద్దున లేస్తే విసుగు, ఎవరు పలకరించినా కసురుకోవడం. "పని లేక పట్టిన రోగంరా నీది" అంది అమ్మ ఒకరోజు. కోపమొచ్చింది గానీ తిరిగి అనడానికి మాట దొరకలేదు.

అందుకని ఈ పని పెట్టుకున్నా. కంప మొత్తం వేళ్లతో సహా నా చేత్తో నేనే తీయాలి, వానలు పడేనాటికి నేల సిద్ధం కావాలి, గెనుసుగడ్డ తీగ నాటాలి. నియమాలు రెండే. పొద్దున ఆరింటికి గడ్డపార చేతిలో ఉండాలి. ఏడింటికి, పని ఎక్కడ ఉన్నా సరే, దించేయాలి. మొదటిది అందరూ పెట్టుకునేదే. రెండోది నా కోసం ప్రత్యేకంగా పెట్టుకున్నది, ఎందుకంటే నాది ఆరంభశూరత్వం. ఉత్సాహం వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా ఒళ్లు హూనం చేసుకుని, మర్నాడు మంచం దిగకుండా, ఆ మర్నాటికి అసలా సంగతే మర్చిపోయే రకం.

సామాన్లు: గడ్డపార, పార, గొడ్డలి, మచ్చుకత్తి, కంప నెట్టడానికి ఒక పంగల కర్ర. అన్నీ నాన్నవే. గొడ్డలికి మాత్రం కామా, అంటే కర్ర పిడి, కొత్తది వేయించా.

ఆగస్టు మొదట్లో

పైనుంచి నరికితే లాభం లేదని ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. నరికిన చోటే నాలుగు కొమ్మలు లేస్తాయి. ఆ మొండితనం ఎక్కడుందో తవ్వితేగాని అర్థం కాలేదు. మోడు నేలను తాకే చోటి నుంచి మట్టిలో జానెడు లోతు దాకా ఉబ్బెత్తుగా ఒక ముద్ద ఉంటుంది, చిగుళ్లు పుట్టే మొగ్గలన్నీ దాంట్లోనే. దాని కింద తల్లివేరుని నరికి ఆ ముద్దని బయటికి లాగేస్తే చెట్టు కథ అయిపోయినట్టే, కింద మిగిలిన వేరు ఎంత పొడవున్నా మళ్లీ లేవదు. ముద్దలో సగం మట్టిలో మిగిలిందా, రెండు వారాల్లో పలకరిస్తుంది.

అంటే బలం కంటే లోతు ముఖ్యం. చుట్టూ మూరెడు వెడల్పున గుంట తీయాలి, పక్కవేళ్లు కొట్టాలి, గుంటలో వంగి కూర్చుని గొడ్డలితో తల్లివేరు మీద వేటు వేయాలి. వేరు లోపల ముదురు ఎరుపు, పచ్చిగా ఉన్నప్పుడు గొడ్డలికి బంకలా అంటుకుంటుంది.

ఒక్క చుక్క వాన లేదు. 1901 నుంచి లెక్క చూస్తే దేశంలో ఇంత పొడి ఆగస్టు ఎప్పుడూ లేదని తర్వాత వాతావరణ శాఖ వాళ్లు చెప్పారు, నాకైతే గడ్డపార అప్పుడే చెప్పింది. గుచ్చితే టంగుమని పైకి ఎగురుతోంది. ఇసక నేల కదా మెత్తగా ఉంటుందనుకున్నా, పై జానెడే ఇసక, కింద ఎర్రమట్టి గట్టిపడిపోయి రాయిలా ఉంది. దీనికి అమ్మ చెప్పిన ఉపాయమే పనిచేసింది. రేపు ఏ మోడు తీయాలో ఈ రోజు సాయంత్రమే చూసుకుని, దాని చుట్టూ చిన్న పాదు చేసి రెండు బిందెల నీళ్లు పోసి వదిలేయడం. పొద్దునకి మట్టి మాట వింటుంది.

ఇందులో నేను అనుకోని లాభం ఇంకోటుంది. రేపటి మోడు ఏదో ముందురోజే తేలిపోయింది కాబట్టి పొద్దున లేచి "ఈ రోజు ఏం చేద్దాం, అసలు చేద్దామా వద్దా" అనే పంచాయితీ ఉండదు. నీళ్లు పోసేశాం, పోయి తవ్వాలంతే. సగం బద్ధకం ఆ పంచాయితీలోనే పుడుతుందని నా అనుమానం.

ఫోన్ రాత్రి తొమ్మిదికల్లా బీరువా పైకి ఎక్కిస్తున్నా. మొదట్లో చెయ్యి ఊరికే దిండు కింద వెతికేది.

ఆగస్టు, నిజ శ్రావణం వచ్చాక

ముహూర్తాలు మొదలయ్యాయి, షాపులో ఊపిరాడటం లేదు. అయినా ఆరింటి పని ఆగలేదు, ఎందుకంటే అది గంటే.

దారిన పోయే ప్రతివాళ్లదీ ఒకటే మాట, జేసీబీ. మా బాబాయి వరసాయన కంచె అవతల నిలబడి వేపపుల్ల నములుతూ, "ఏంది అబ్బయ్యా, దీంతో కుస్తీ పడతా ఉండావు, జేసీబీ పెడితే గంటలో తేలిపోయే పనికి?" అన్నాడు. నిజమే. గంట బాడుగ ఇస్తే నేల చదునుగా ఉంటుంది. కింది మట్టి పైకొచ్చి, పైనున్న నాలుగు ఆకుల ఎరువు కిందికి పోతుంది, ముద్దలు విరిగి సగం లోపలే ఉంటాయి, అది వేరే సంగతి. ఆయనకి అదే చెప్పా. చెప్పనిది ఏంటంటే, జేసీబీ వచ్చి చదును చేసి వెళ్లాక ఆ మర్నాడు ఆరింటికి నేనేం చేయాలి? మళ్లీ ఫోనేగా.

పోనీ మోడు మీద డీజిల్ పోయమన్నారు కొందరు, మందు పూయమన్నారు ఇంకొందరు. తినే కూర పండించే చోట అవి వద్దనుకున్నా.

ఈ వారంలో జరిగింది ఒకటి రాసుకోవాలి. ఈశాన్యం మూల పెద్ద మోడు, నా నడుమంత లావు. దాని దగ్గరే వారం పట్టింది. చుట్టూ వేళ్లన్నీ కొట్టేశా, తల్లివేరు కూడా ముప్పాతిక భాగం తెగింది, గడ్డపార కింద పెట్టి ఎత్తితే మోడు మొత్తం కదులుతోంది, పాలపన్ను ఊగినట్టు. ఇంకో పది నిమిషాలు, మహా అయితే పావుగంట. సరిగ్గా అప్పుడు అమ్మ వసారాలోంచి "ఏడైందిరా" అని కేకేసింది. నేను విననట్టు ఇంకో రెండు వేట్లు వేశా. అమ్మ మళ్లీ అరవలేదు, వచ్చి గుంట పక్కన నిలబడి నా మొహంలోకి చూసింది, అంతే. గొడ్డలి దించేసి, మోడు మీద పాత గోతం కప్పి లోపలికి వచ్చేశా.

బస్సులో, షాపులో, మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు కూడా ఆ మోడే. ఒకాయన శుభలేఖలో పెద్దల పేర్ల వరస మీద గంటసేపు వాదన పెట్టుకున్నాడు, ముందు మేనమామ పేరా, పెదనాన్న పేరా అని. మామూలుగా అయితే విసుక్కునేవాణ్ణి. ఆ రోజు ఆయన చెప్పినన్నిసార్లు మార్చి ఇచ్చా, లోపల మాత్రం వేరు ఏ వైపు నుంచి కొడితే తేలిగ్గా తెగుతుందా అని లెక్కలు. చాలా ఏళ్ల తర్వాత రేపు పొద్దున ఎప్పుడవుతుందా అని ఎదురుచూశాను. మొదలుపెట్టడానికి పడిన కష్టం కంటే ఆ రోజు ఆపడానికి పడిన కష్టమే ఎక్కువ, సంతోషం కూడా అక్కడి నుంచే వచ్చిందని అనిపిస్తోంది. కడుపు నిండా తిన్నవాడికి మర్నాటి వంట మీద ధ్యాస ఉండదుగా.

మర్నాడు మోడు ఐదు నిమిషాల్లో ఊడొచ్చింది. మిగతా గంట దాన్ని గుంటలోంచి దొర్లించడానికే సరిపోయింది.

సెప్టెంబరు

కంప ఎక్కడ వేయాలనేది పెద్ద సమస్య. కొట్టిన కొమ్మలు ఆకు రాలేదాకా ఎండబెట్టి, సన్నవి కంచెకి, చేతిలావు పైనవి మోపులు కట్టి బొగ్గుల బట్టీ ఆయనకి. పక్క ఊరివాడే. చిల్లచెట్టు బొగ్గు బాగా మండుతుందని హోటళ్లవాళ్లు అడుగుతారట. ఆయన బట్టీ పెట్టేటప్పుడు ఒకసారి వెళ్లి చూశా. పుల్లలు గట్టిగా పేర్చి, మీద గడ్డి, దాని మీద తడిమట్టి మెత్తి, అడుగున గాలికి చిన్న కంతలు మాత్రం వదిలి నిప్పు పెడతాడు. మొదట తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, అది పుల్లలోని తడి. అది పల్చబడి నీలంగా మారినప్పుడు కంతలు మూసేయాలి, ఆలస్యమైతే బొగ్గు కాస్తా బూడిద. నాలుగైదు కిలోల పుల్లకి కిలో బొగ్గు వస్తే మంచి బట్టీ అన్నాడు. రాత్రంతా దాని పక్కనే మంచం వేసుకుని, గంటగంటకీ లేచి పొగ రంగు చూసి మళ్లీ పడుకుంటాడు. అలారం పెట్టుకుంటావా అని అడిగితే నవ్వాడు.

కాల్లో ముల్లు దిగింది. హవాయి చెప్పు దాటి మడమలోకి. ఈ ముల్లు లోపల విరిగితే చీము పట్టేదాకా వదలదు. అమ్మ జిల్లేడు పాలు పట్టించింది, నేను పోయి టీటీ ఇంజక్షన్ చేయించుకున్నా, ఏది పనిచేసిందో తెలియదు గానీ ముల్లు బయటికొచ్చింది. రెండు రోజులు నిలబడలేకపోయా. ఆ రెండు రోజులూ ఆరింటికి వసారాలో కూర్చుని ఆకురాయితో గొడ్డలి, మచ్చుకత్తి నూరా. పని చిన్నదైనా ఆ గంట ఆ గంటకే. తర్వాత కందుకూరులో మందంగా ఉన్న తోలు బూట్లు కొన్నా. ఈ పనికి దిగేవాళ్లెవరైనా బూట్లు ముందు కొనుక్కోండి, గడ్డపార తర్వాత.

ఈ చెట్టు మనది కాదని అందరికీ తెలుసు, విమానంలో చల్లారని ఊళ్లో కథ కూడా ఉంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు. వంటచెరుకు కరువు తీరుతుందని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ వాళ్లు విత్తనాలు తెప్పించారు, 1877లో మన పక్క కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. అంటే పెన్నకి ఎగువన మొదలై మన పెరటి దాకా వచ్చిందన్నమాట. వంటచెరుకు కరువు మాత్రం నిజంగానే తీర్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. మా నాయనమ్మ పొయ్యి దీంతోనే మండేది.

అక్టోబరు

మూడు వంతుల్లో రెండు వంతులు తేలింది. దక్షిణం వైపు నాలుగు సెంట్లు ఇంకా కంపే. ముందు అనుకున్నట్టు మొత్తం అవ్వలేదు, ఫర్వాలేదు, తేలినంతవరకు నాటేద్దామని నిర్ణయం. మన వైపు వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు దాటితే నేల చేతికి రాదు.

మోటారు బాగు చేయించా. అది చేత్తో అయ్యే పని కాదు, మెకానిక్ వచ్చాడు.

మొదటి జల్లు పడిన నాలుగో రోజు పొద్దున పెరట్లోకి వెళ్తే, నేలంతా సన్నటి పచ్చ. సంతోషంగా వంగి చూశా. చిల్ల మొక్కలు! వందలు. కాయలు తియ్యగా ఉంటాయి, మేకలు ఎగబడి తింటాయి, గింజ అరగదు, పెంటికల్లోంచి దిగి ఏళ్ల తరబడి మట్టిలో కాచుకుని ఉంటుంది. ఇన్నేళ్లు ఊరి మేకలన్నీ మా పెరట్లోనే మేశాయి మరి.

దిగాలు పడాల్సిన సంగతే. కానీ రెండాకుల మొక్కని పీకి చూడండి, రెండు వేళ్లతో పట్టుకుంటే వేరుతో సహా వచ్చేస్తుంది, చప్పుడు కూడా ఉండదు. అదే నెల దాటనిస్తే వేరు మూరెడు దిగి, పార తేవాలి. ఏడాది వదిలేస్తే గడ్డపార. కాబట్టి ఇక నుంచి ఆరింటికి మొదటి పావుగంట పెరడంతా వరసలు వరసలుగా తిరిగి మొక్కలు పీకడం, మిగతా ముప్పావుగంట అసలు పని. మేకల ఆమె పెంటికలు ఊరికే ఇస్తానంది, ఎరువుకి. తీసుకున్నా గానీ నేరుగా చల్లలేదు, గుంటలో వేసి, పచ్చి ఆకు కలిపి, తడిపి మూసిపెట్టా. వేడెక్కి మాగితే గింజ చాలావరకు చస్తుంది.

గెనుసుగడ్డ తీగ ఉలవపాడు వైపు రైతు దగ్గర తెచ్చా. మట్టిని వరసలుగా ఎగదోసి బోదెలు చేసి, తీగని జానెడు ముక్కలు కోసి, నడుమ కణుపులు రెండు మట్టిలో ఉండేలా నాటాం. నాటాం అంటున్నా, అమ్మ కూడా దిగింది. "మీ నాన్న ఇంత దగ్గర దగ్గరగా పెట్టేవాడు కాదు" అని నేను పెట్టినవి సగం పీకి మళ్లీ పెట్టింది. గట్ల మీద గోంగూర, ఒక పక్క గోరుచిక్కుడు.

డిసెంబరు

మిచౌంగ్ తుఫాను. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందు రెండు రోజులు మమ్మల్ని వదల్లేదు. కరెంటు లేదు, బస్సు లేదు. ఆరింటికి వసారాలో నిలబడి చూస్తే పెరడు కనపడదు, నీళ్ల తెర. ఆ గంటలో కిరసనాయిలు దీపం గాజు తుడిచా, తెగిన పలుపుతాళ్లు పేనా, గొడ్డలి కామాకి నూనె పట్టించా. అమ్మ చూసి "నీకు పిచ్చి ముదిరింది" అంది, కానీ కాఫీ ఇచ్చింది.

వాన తెరిపిచ్చాక చూస్తే బోదెలు సగం కరిగిపోయాయి, గోరుచిక్కుడు పడుకుంది. గెనుసు తీగ మాత్రం గట్టిది, ఏం కాలేదు. కాకపోతే దుంప బయటపడితే ముక్కుపురుగు చేరి గుడ్లు పెడుతుంది, ఆ దుంప చేదెక్కి పశువు కూడా ముట్టదు. అందుకని మట్టి ఎగదోయాలి. నీళ్లు ఇంకేదాకా ఆగి, రోజుకి ఒక బోదె చొప్పున పారతో మట్టి లాగి తీగ మొదళ్లు కప్పుతూ వచ్చా. పనిలో పనిగా పాకిన తీగలు ఎత్తి వెనక్కి తిప్పేయడం, లేకపోతే కణుపు కణుపుకీ వేరు దిగి బలమంతా అటు పోతుంది.

ఈ రోజుల్లో ఒకటి గమనించా. తుఫానుకి బోదెలు పోయినప్పుడు బాధ ఉంది గానీ టెన్షన్ లేదు. జులైలో అయితే "నా టైమే బాలేదు" అని నెల రోజులు తిరిగేవాణ్ణి. ఇప్పుడు రేపు ఆరింటికి ఏ బోదె దగ్గర మొదలుపెట్టాలో తెలుసు, అంతకు మించి ఆలోచించే అవసరం రాలేదు.

ఫిబ్రవరి, 2024

తవ్వకం. ఆకు పసుపు తిరిగింది, ఒక దుంప కోసి ఆరబెడితే కోసిన చోట తెల్లగానే ఆరింది, పచ్చగా నల్లగా మారలేదు, అంటే ముదిరినట్టేనని అమ్మ తేల్చింది. తీగ కోసి పక్కన వేసి, బోదె పక్క నుంచి పార దించి పైకి ఎత్తితే మట్టి విడిపోయి ఎర్రటి గడ్డలు గుత్తిగా బయటికి వచ్చాయి. చేతికి మట్టి, మట్టి కింద చల్లదనం. గడ్డని గట్టిగా రుద్దితే ఊడేంత లేత తొక్క.

దిగుబడి గొప్పగా ఏం లేదు, రెండు గోతాలు నిండలేదు. తుఫాను దెబ్బ తగిలిన బోదెల్లో పురుగు కొంత తినేసింది. మార్కెట్లో కొంటే ఇంతకంటే చవకే, నా బూట్ల ఖర్చే ఎక్కువ. అయినా ఆ పొద్దున నేను బస్సు ఎక్కుతుంటే కండక్టర్ "ఏంటి, పెళ్లి కుదిరిందా, తెగ నవ్వుతున్నావు" అన్నాడు.

జేసీబీ బాబాయికి అమ్మ ఒక బుట్ట పంపింది. నిప్పుల్లో కాల్చుకుని తిన్నాడట. సాయంత్రం కంచె దగ్గర ఆగి, "తియ్యగానే ఉండాయిలే" అని, కాసేపు అటూ ఇటూ చూసి, "మా దొడ్డి వెనక కూడా ఇట్టనే ఉంది కంప. ఆ గడ్డపార ఒకసారి ఇస్తావా?" అన్నాడు. ఏడు తర్వాత ఎప్పుడైనా తీసుకోమన్నా.

మార్చి

ఎలక్షన్ల గాలి మొదలైంది, ఫ్లెక్సీల డిజైన్లతో షాపులో రాత్రి పదకొండు దాటుతోంది. తొమ్మిదికి ఫోన్ బీరువా ఎక్కించే నియమం ఈ రెండు మూడు నెలలు నడవదు, ఇంటికొచ్చేసరికే అర్ధరాత్రి. అందుకని గంటని ఇరవై నిమిషాలకి కుదించా, ఆరున్నర నుంచి ఏడు లోపల. మొక్కలు పీకడం, గోంగూరకి నీళ్లు, అంతే. దక్షిణం వైపు నాలుగు సెంట్ల కంప అలాగే ఉంటుంది. ఎండాకాలంలో నేల మళ్లీ రాయి అవుతుంది కాబట్టి దాని జోలికి జూన్ దాకా వెళ్లను. కొమ్మలు కాయ పట్టకుండా మాత్రం కొట్టి పెట్టాలి, లేకపోతే మేకలు మళ్లీ గింజ మోసుకొస్తాయి.

బావి పూడిక సంగతి అమ్మ రోజూ గుర్తుచేస్తోంది. చూశా, అది ఒక్కడి పని కాదు, పైన గిలక దగ్గర ఇద్దరు, లోపల ఒకరు కావాలి. బాబాయిని అడిగా. "ఆరింటికా?" అన్నాడు. ఆరింటికే అన్నా. "ఏడుకి ఆపేస్తావు గదా మరి?" అని రెండుసార్లు అడిగి, సరేనన్నాడు. ఇంకొక మనిషిని చూడాలి.